కాటాకెక్కబోయిన బ్లాక్‌స్టన్

ఇంగ్లీషువాళ్ళ చట్టాల మీదా, రాజకీయాల మీదా వచ్చిన పాతకాలపు పుస్తకాలు పోగుచెయ్యడం నా వ్యసనం. పేకాటకంటే చవకేమీ కాదు. "ఇంట్లో వకీలు లేడు, వ్యాజ్యం లేదు, బీరువా నిండా కోర్టు!" అంటుంది మా ఆవిడ.

ఆ సరుకు కావలిలో దొరుకుతుందా అంటారేమో. ఒకప్పుడు మద్రాసు మూర్ మార్కెట్టులో దొరికేది. అది 1985లో కాలిపోయింది. ఇక పాత వకీళ్ళ ఇళ్ళ అటకలే గతి. 2024 జూలై 1న కొత్త న్యాయసంహిత వచ్చి, 1860 నాటి శిక్షాస్మృతి పక్కకు తప్పుకున్నాక ఆ అటకలు కూడా ఖాళీ అవుతున్నాయి. అంతకు ముందు జరిగిన నేరాలకు ఇంకా పాత చట్టమేనన్న సంగతి కాటావాడికి ఎవరు చెబుతారు?

"ఆ దొరల గోల మనకెందుకయ్యా?" అనేవారూ ఉన్నారు. 1950లో మన రాజ్యాంగం అమలులోకి వచ్చినప్పుడు, పార్లమెంటు హక్కులను మనం చట్టం చేసి నిర్ణయించుకునేదాకా ఇంగ్లండు కామన్స్ సభకున్న హక్కులే మనకూ అని 105వ అధికరణంలో రాసుకున్నాం. అవేమిటో తెలియాలంటే 1844లో మొదట అచ్చయిన ఎర్‌స్కిన్ మే గ్రంథం తిరగెయ్యాల్సిందే. 1978 నాటి 44వ సవరణతో గాని ఆ సభ పేరు అక్కణ్ణుంచి పోలేదు.

పోయిన వేసవిలో మా వీధి పెద్దావిడ ఒకామె కబురంపింది. వాళ్ళ తాత వకీలు. "అబ్బయా, రేపు కాటావాడొస్తాడు. నీకు పనికొచ్చేవుంటే ఆ ధరకే తీసుకో" అన్నది.

అటక మీద బ్లాక్‌స్టన్ 'కామెంటరీస్', నాలుగు సంపుటాలూ! 1765-69 నాటి తొలి ముద్రణ కాదు, 1783 నాటి తొమ్మిదవ కూర్పు. అయినా నా గుండె దడదడలాడింది. ఆ కాలపు అచ్చులో 'ఎస్' అక్షరం 'ఎఫ్' లాగుంటుంది. కొత్తవాడు చదివితే 'సేమ్' కాస్తా 'ఫేమ్' అవుతుంది. తోలు అట్టలు మన సముద్రపు గాలికి ఎర్రగా పొడి రాలుతున్నాయి. రామబాణం పురుగులు అంచులు రుచి చూశాయి. కాని రెండవ సంపుటంలోని వారసత్వపు పట్టిక, మన మితాక్షరలో సపిండుల లెక్కలాంటిది, చెక్కుచెదరలేదు. మడతపెట్టిన కాగితం గనుక మొదట చిరిగేది అదే.

కాటా లెక్కన నాలుగూ కలిపి నలభై రూపాయలు దాటవు. అసలు విలువ చెబితే నేను కొనలేను. చెప్పకపోతే ఆమెకు ఎన్నటికీ తెలియదు.

చెప్పాను.

ఆమె కాసేపు పలకలేదు. "మా అవ్వను కూడా వీటిని ముట్టుకోనిచ్చేవాడు కాదు" అంటూ ఒక్కొక్కటే చీరచెంగుతో తుడవసాగింది. రెండవ సంపుటం చివరి ఖాళీ కాగితం మీద పెన్సిలుతో వాళ్ళమ్మ పుట్టిన తిథీ, నక్షత్రమూ రాసి ఉన్నాయి.

"మూడు తీసుకో. ఇవ్వగలిగినంత ఇయ్యి. ఇది మాత్రం ఇయ్యను."

జట్టు విడదీస్తే విలువ పోతుందని చెప్పి చూశాను. వినలేదు.

ఇప్పుడు మా బీరువాలో ఒకటి, మూడు, నాలుగు ఉన్నాయి. రెండవది చూడాలంటే వాళ్ళింటికి వెళ్ళాలి. కాఫీ ఇస్తుంది. పుస్తకం మాత్రం తన ఒళ్ళోనే పెట్టుకుని, పేజీలు తనే తిప్పుతుంది.