కాలువ నీరు, నేల సారము

రాజమహేంద్రవరమునుండి గోదావరి గట్టు వెంబడి దక్షిణముగా కొలది మైళ్లు పోయినచో ధవళేశ్వరము చేరుదుము. అచ్చట ఎగువను సముద్రమువలె నిండిన గోదావరియు, దిగువను కాలువల వెంట పచ్చని చేలును కన్నుల పండువుగా నుండును. 1832-33 నాటి నందన కరువు ఈ తీరవాసులనే అన్నమునకై అలమటింపజేసినదనిన నమ్మశక్యము కాదు. ఆ దినములలో వరదనీరు చేల కుపయోగపడకయే కడలిని గలియుచుండెను. ఆర్థర్ కాటన్ దొరగారు 1847లో ఆనకట్ట నారంభించి 1852 నాటికి ముగించిరి. అది శిథిలము కాగా 1982 నాటికి 175 తలుపులతో నేటి బ్యారేజి వెలసినది. దీనివలన సుమారు పది లక్షల యెకరములు తడియుచున్నవి.

అయినను, సోదరీమణులారా, నీరున్నంత మాత్రమున అన్నము నిలువదు. 2011లో పెట్టుబడి పెరిగి, ధర గిట్టుబాటు కాక, మురుగు పారక, కోనసీమ రైతులనేకులు సార్వా నాటుట మానివేసిరి. ధాన్యాగారమని పేరుగన్న చోటనే చేలు బీడు వడెను! సార్వాయు దాళ్వాయు వరియే వేసి, ఎరువులు మితిమీరి చల్లినచో ఖర్చు హెచ్చును; నేల సారము తగ్గును.

దీనికి మందు మన పెద్దలెరిగినదే. వరి కోతకు ముందు చేలో మినుములు చల్లినచో, వాని వేళ్లపైని బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు చేర్చును. ఇంటికి పప్పును సమకూరును. జనుము, జీలుగు, పిల్లిపెసర పెంచి దున్నినచో పచ్చిరొట్టయే యెరువగును. కొబ్బరితోటలో అరటియు, కందయు పెరుగును.

2016నుండి రైతు సాధికార సంస్థ మన రాష్ట్రమున ప్రకృతి వ్యవసాయమును వ్యాపింపజేయుచున్నది. దీనికి వెన్నెముక మహిళాసంఘములే. 2024లో ఈ యుద్యమమునకు పోర్చుగల్ దేశపు గుల్బెంకియన్ బహుమానము లభించినది. దానిని పంచుకొన్న వారిలో ఆఫ్రికాఖండమున, ఐగుప్తు దేశపు టెడారిని సాగుభూమిగా మార్చిన సెకెం సంస్థయు నొకటి. ఆకలి బాధ యెచ్చటనైన నొక్కటియే. నేలను బ్రతికించు మార్గమును పెక్కుచోట్ల నొక్కటియే.

పొలము లేని గృహిణికిని ఇందు పాలు కలదు. ఆవుపేడ ఒక కిలో, ఆవుపంచితము ఒక లీటరు, బెల్లమును సెనగపిండియు చెరి 200 గ్రాములు, గట్టుమన్ను చిటికెడు, 20 లీటర్ల నీటిలో కలిపి, నీడను రెండు దినములుంచి, ఉదయ సాయంకాలములందు కలియబెట్టవలెను. దీనినే జీవామృతమందురు. పెరటిలోని తోటకూర, బచ్చలి, బెండ, మునగల మొదళ్లకు దీనిని పోసి చూడుడు. కాలువ మనకు బియ్యము నిచ్చుచున్నది. ఆ బియ్యమునకు తోడు కూరయు పప్పును సమకూర్చుకొన్న యింటనే బిడ్డలు బలముగా పెరుగుదురు.