ఆరితేనే అభయమిచ్చే దీపాలు

ఇంట్లో దీపం ఆరితే మనసు చివుక్కుమంటుంది. కారులో దీపాలు ఆరితేనే ప్రాణం కుదుటపడుతుంది. తాళంచెవి తిప్పగానే మీటరు బోర్డు మీద ఎర్రవీ పసుపువీ బొమ్మలు గుంపుగా వెలుగుతాయి. ఇంజన్ అందుకున్నాక ఒక్కొక్కటే సెలవు తీసుకుంటాయి. హ్యాండ్ బ్రేకు గుర్తు, సీటు బెల్టు గుర్తు మాత్రం మన చేతి పని పూర్తయ్యేదాకా కాచుకుని ఉంటాయి. ఆ తరువాత నర్సాపూర్ అడవి దాటినా, హైదరాబాదు చేరినా ఆ ఎరుపూ పసుపూ మళ్లీ కనిపించకపోతే బండి క్షేమమని అర్థం. ఎన్నటికీ వెలగాల్సిన అవసరం రాకూడదని కోరుకుంటూ ఎవరైనా దీపాన్ని తయారుచేస్తారా అంటే, చేస్తారు. అదీ ఎంతో శ్రద్ధగా చేస్తారు.

మొదట వెలిగే ఆ రెండు మూడు క్షణాల్లోనే విషయమంతా ఉంది. మాడిపోయిన దీపమూ నల్లగానే ఉంటుంది, చెప్పవలసింది లేక ఊరుకున్న దీపమూ నల్లగానే ఉంటుంది. పైకి చూస్తే ఈ రెండు మౌనాలకూ తేడా తెలియదు. అందుకే కారు ప్రతిసారీ తన గొంతు బాగానే ఉందని ముందు నిరూపించుకుని, ఆ తరువాతే నోరు మూసుకుంటుంది. పాత కారు బేరానికి అనుభవమున్న మెకానిక్కును వెంటబెట్టుకుని వెళితే ఆయన చూపు ముందు ఇక్కడే ఆగుతుంది. ఏ దీపం వెలుగుతోందో అందరూ చూస్తారు. తాళం తిప్పినప్పుడు ఏ దీపం వెలగలేదో ఆయన చూస్తాడు. ఇంజన్ గుర్తు కాసేపైనా కనిపించకపోతే దాన్ని ఎవరో నొక్కిపెట్టారని అనుమానిస్తాడు. లోపాన్ని చెప్పుకునే కారుతో బేరం ఆడవచ్చు. చెప్పుకునే శక్తినే పోగొట్టుకున్న కారుకు ఎంత ధర కట్టాలో ఎవరికీ తెలియదు.

వెలుగుతో చెప్పే బొమ్మకథలు మెదక్ వాళ్లకు కొత్త కావు. చార్లెస్ వాకర్ పాస్నెట్ ఆధ్వర్యంలో 1914లో మొదలై, 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠ జరిగిన మన చర్చిలో క్రీస్తు జననం, శిలువ, ఆరోహణం మూడు పెద్ద రంగుటద్దాల కిటికీలుగా ఉన్నాయి. ఫ్రాంక్ సాలిస్‌బరీ అనే ఆంగ్ల చిత్రకారుడి కృషి అది. బయటి నుంచి ఎండ పడినంతసేపే ఆ కథలు లోపలివాళ్లకు కనిపిస్తాయి. పొద్దు గూకితే మిగిలేది నల్లటి గాజు. కారు మీటరు బోర్డుదీ అదే సూత్రం: రంగు పలక, దాని వెనక వెలుగు, అక్షరంతో పనిలేని బొమ్మ. రెండింటిలోనూ ఉన్న చిక్కు కూడా ఒకటే. ఆరోహణం కథ ఎన్నడూ విననివాడు ఆ కిటికీ ముందు నిలబడితే పైకి వెళుతున్న ఒక మనిషిని చూస్తాడు, అంతే. కూలెంట్ సంగతి తెలియనివాడికి అలల్లో నిలబెట్టిన థర్మామీటరు ఎంతసేపు చూసినా థర్మామీటరే. చదువు రానివారి కోసం బొమ్మలు గీశారని అనుకుంటాం గానీ, అక్షరాలైతే కూడబలుక్కుని అయినా చదవవచ్చు. బొమ్మను కూడబలుక్కోవడం కుదరదు. దాని కథ ఎవరో ఒకరు ముందుగా చెప్పి ఉండాలి.

కిటికీల కథ చెప్పడానికి గురువులున్నారు, ఇంట్లో పెద్దలున్నారు. కారు బొమ్మల కథ చెప్పేదెవరు? వాటిని ఎలా గీయాలో, ఏ రంగు వేయాలో నిర్ణయించిన అంతర్జాతీయ ప్రమాణం ఉంది, ఐఎస్ఓ 2575 అని. జపాన్‌లోనైనా జర్మనీలోనైనా రామాయంపేట రోడ్డు మీదనైనా నూనె డబ్బా నూనె డబ్బాలాగే ఉంటుంది. మన కళ్లముందే ఈ ఊరి బండ్ల నెంబర్లు ఏపీ 23 నుంచి టీఎస్ 15కు, 2016లో జిల్లా విడిపోయాక టీఎస్ 35కు, 2024లో టీజీ 35కు మారాయి. లోపలి బొమ్మలు మాత్రం అలాగే ఉన్నాయి. ఇంత నిలకడైన భాషకు బడి మాత్రం దొరకలేదు. ఎల్ఎల్ఆర్ పరీక్ష కోసం అందరూ బట్టీపట్టేది రోడ్డు పక్క బోర్డులను. కొత్త బండి అప్పగించే రోజున పూలదండ, ఫొటో, కారుకు ఫోను కలపడం అయ్యేసరికే అందరికీ ఆకలి వేళవుతుంది. దీపాల పేజీ ఉన్న పుస్తకం కవరు చిరగకుండా గ్లవ్ బాక్సులో పడుకుంటుంది. చివరికి ఈ విద్య నోటి మాటగానే సాగుతోంది, షెడ్డులో నిలబడి ఉన్నప్పుడు మెకానిక్కు చెప్పే రెండు ముక్కలతో: “ఎర్రది పడితె బండి పక్కకాపు సార్. పసుపుది పడితె మెల్లగ నా దగ్గరికి తీస్కరా.” ప్రమాణ పత్రం పుటలకొద్దీ చెప్పినదాని సారం ఇంతకన్నా సూటిగా చెప్పడం కష్టం. ఎరుపంటే ఇప్పుడే, పసుపంటే త్వరలో. పచ్చ, నీలం అంటే ఏదో పనిచేస్తోందని.

ఎర్రవాటిలో పెద్దదిక్కు నూనె డబ్బా. పొడవాటి కొమ్ము, కొన మీద ఒక చుక్క. ఇప్పుడు ఆయిల్ పోసేది ప్లాస్టిక్ క్యాన్లతో. కొమ్ము డబ్బా ఆ బొమ్మలో బతికి ఉంది. ఆయిల్ ఎంత ఉందో అది చెప్పదు. ఎంత ఒత్తిడితో పారుతోందో చెబుతుంది. పంపు తోసిన ఆయిల్ బేరింగుల మధ్య సన్నని పొరగా నిలిచి, ఇనుము ఇనుమును తాకకుండా కాపాడుతుంది. ఒత్తిడి పడిపోతే ఆ పొర తెగుతుంది, ఇంజన్ తనను తానే అరగదీసుకోవడం మొదలుపెడుతుంది. అందుకే ఈ దీపం పడ్డాక “ఇంటిదాకా మెల్లగా పోదాం” అనే మాటకు తావు లేదు. బండిని పక్కకు తీసి ఇంజన్ ఆపెయ్యాలి. విచిత్రమేమిటంటే, ఆయిల్ గీత కిందికి దిగినా పంపుకు అందినంతకాలం దీపం ఊరుకుంటుంది. ఏ మలుపులోనో, ఎత్తులోనో ఆయిల్ ఒక పక్కకు ఒరిగినప్పుడు ఒక్కసారి తళుక్కుమని మాయమవుతుంది. ఆ తళుకును చాలామంది కంటి భ్రమ అనుకుని ముందుకు పోతారు. డిప్‌స్టిక్ తీసి, గుడ్డతో తుడిచి, మళ్లీ ముంచి చూసే పాత అలవాటును ఈ దీపం రద్దు చేయలేదు. దానికి తెలిసిన ప్రశ్న ఒకటే. మిగతా ప్రశ్నలన్నిటికీ దాని మౌనాన్ని జవాబుగా తీసుకోవడం మన తొందరపాటు.

బ్యాటరీ గుర్తు ఇంకొంచెం లోతైనది. బొమ్మలో ఉన్నది బ్యాటరీ, తప్పు సాధారణంగా మరొకరిది. నడుస్తున్న బండిలో ఆ దీపం పడిందంటే ఆల్టర్నేటర్ ఛార్జి ఇవ్వడం లేదని, లేదా దాన్ని తిప్పే బెల్టు తెగిందని. ఆ క్షణాన బ్యాటరీ నిక్షేపంగా ఉండి, బండి మొత్తాన్ని తన నిల్వతో లాక్కొస్తూ ఉంటుంది. కొన్ని కార్లలో అదే బెల్టు నీళ్ల పంపునూ తిప్పుతుంది కనుక కాసేపటికి వేడి ముల్లు కూడా లేస్తుంది. దోషిని వదిలేసి బాధితుడి బొమ్మ వేశారన్నమాట. అయినా ఇది సబబే అనిపిస్తుంది. ఆల్టర్నేటర్ బొమ్మ గీస్తే గుర్తుపట్టేవాళ్లు ఎందరు? బ్యాటరీని అందరూ గుర్తుపడతారు. కబురు చేరాలంటే తెలిసిన ముఖంతోనే పంపాలి.

పసుపు ఇంజన్ గుర్తు దగ్గర ఇంకా చాలాసేపు ఆగవచ్చు. జనం దాన్ని చూసి ఇంజన్‌కు జబ్బు చేసిందనుకుంటారు. అది పుట్టింది పొగ కోసం. బండి వదిలే వాయువుల మీద నిఘా పెట్టే ఏర్పాటు అమెరికాలో 1996 నాటికి కొత్త కార్లన్నిటికీ తప్పనిసరి అయింది. మన దేశంలో మొదటి దశ 2010 ఏప్రిల్‌లో, రెండవది 2013 ఏప్రిల్‌లో వచ్చాయి. 2020 ఏప్రిల్ 1న బీఎస్-6 వచ్చాక నిఘా మరింత పెరిగింది. బండి సాఫీగా లాగుతున్నా, మైలేజీ తగ్గకపోయినా, సైలెన్సర్ దారిలోని శుద్ధి యంత్రం అలసిపోతే ఆ దీపం వెలుగుతుంది. లోపల కూర్చున్నవాడికి ఏ ఇబ్బందీ లేదు, వెనక స్కూటరు మీద వస్తున్నవాడి ఊపిరికి ఉంది. ఇది తెలిశాక ఆ దీపం మీద విసుగు పోయి గౌరవం కలుగుతుంది. నిలకడగా వెలిగితే త్వరలో చూపించుకోవచ్చు. టపటపా కొట్టుకుంటుంటే మాత్రం పెట్రోలు మండకుండానే బయటికి పోయి ఆ శుద్ధి యంత్రాన్ని కాల్చేస్తోందని హెచ్చరిక. కాలు సడలించి, వీలైనంత త్వరగా ఆపడం మేలు. ఏమైందో కారుకు వివరంగా తెలుసు. స్టీరింగు కింద సాకెట్టుకు స్కానర్ పెడితే అక్షరాలూ అంకెలతో చెబుతుంది. యజమానికి మాత్రం ఒక బొమ్మ చూపి ఊరుకుంటుంది.

నీలం దీపమూ పరుల కోసమే. హై బీమ్ వేసినప్పుడు వేసినవాడికి రోడ్డు దివ్యంగా కనిపిస్తుంది. ఎదుటివాడి కళ్లు మూసుకుపోయాయన్న సంగతి అతనికి తెలిసే దారి లేదు. మనకు హాయిగా ఉన్నప్పుడే మరొకరికి కష్టంగా ఉందని చెప్పడానికి ఒక గుర్తు కావలసి వచ్చింది. రాత్రిపూట నర్సాపూర్ దారిలో డిప్పర్ కొట్టి ఎదుటివాళ్లు అడిగేదాకా ఆ నీలాన్ని గమనించనివాళ్లు ఎక్కువ.

వేగం చూపే ముల్లుదో వింత ధర్మం. ఐక్యరాజ్యసమితి 39వ నిబంధన ప్రకారం అది అసలు వేగం కన్నా తక్కువ చూపకూడదు. ఎక్కువ చూపడానికి మాత్రం పదోవంతు, దానిపైన మరో 4 కిలోమీటర్ల వరకు సెలవుంది. అసలు వేగం 80 ఉంటే ముల్లు 92 దాకా చూపినా తప్పు కాదు. ఫోనులోని మ్యాపు తక్కువ చెబుతోందని తగాదా పడనక్కర్లేదు. ఒక వైపుకు మాత్రమే అబద్ధమాడే హక్కున్న పరికరం ఇది. ఆ వైపు ఏదో ముందే తెలుసు కాబట్టి దాని మాట నమ్మదగినదే.

పెట్రోలు బంకు బొమ్మ పక్కన ఉండే చిన్న బాణం ట్యాంకు మూత ఏ పక్కన ఉందో చెబుతుంది. 1986లో ఫోర్డ్ కంపెనీ ఉద్యోగి జిమ్ మోయ్‌లన్, వానలో బంకులో తప్పు పక్కన బండి ఆపి తడిసి, ఆఫీసుకు వచ్చి రాసిన సూచన ఇది. ఒక మనిషి తడిసినందుకు లోకానికి ఒక బాణం మిగిలింది. ఇండికేటర్ కొమ్మ విషయంలో మాత్రం ఇంకా ఏకాభిప్రాయం కుదరలేదు. మారుతిలో అది కుడి చేతికి, స్కోడాలో ఎడమ చేతికి వస్తుంది. కారు మార్చినవాళ్లు మలుపులో ఎర్రటి ఎండలో వైపర్ వేస్తారు.

సీటు బెల్టు పెట్టుకోకపోతే వచ్చే మోత 2019 జులై 1 నుంచి ముందు సీట్లు రెండింటికీ తప్పనిసరి. ఆ మోతను ఆపడానికి బెల్టు పెట్టుకోవాలి. పెట్టుకోకుండానే ఆపడానికి బజారులో ఒక క్లిప్పు దొరికేది. ఎంత విరివిగా దొరికేదంటే, 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ అథారిటీ ఐదు ఆన్‌లైన్ దుకాణాల మీద ఉత్తర్వులిస్తే 13,118 అమ్మకపు ప్రకటనలు తీసేయవలసి వచ్చింది. హెచ్చరికను డబ్బిచ్చి కొని, దాన్ని ఆపే వస్తువునూ డబ్బిచ్చి కొన్నారు. ఈ మనస్తత్వాన్ని నిందించడం సులువు, అర్థం చేసుకోవడం కష్టం. ఎప్పుడూ మోగే గంట కొన్నాళ్లకు గంటగా వినిపించదు, తగవుగా వినిపిస్తుంది. తగవులో ఎవరికైనా గెలవాలనే ఉంటుంది. బెల్టు లేనివాడి ముఖం మీదికి ఎయిర్ బ్యాగ్ వచ్చే వేగం తెలిస్తే ఆ గెలుపు ఎవరికీ రుచించదు. ఆ సంచి కనురెప్ప పడే వ్యవధి కన్నా తక్కువలో విచ్చుకుంటుంది, బెల్టు పట్టి ఉంచిన మనిషి కోసమే లెక్కగట్టింది.

మెదక్‌లో కొత్త కారు ముందుగా ఏడుపాయలకు వెళుతుంది. మంజీర ఏడు పాయలై పారే చోట వనదుర్గమ్మ ముందు పసుపు కుంకుమలు పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు తొక్కించి ఇంటికి తెస్తారు. తిరుగుదారిలోనే డ్యాష్‌బోర్డు మీద ఒక చిన్న విగ్రహం వెలుస్తుంది. కొన్ని బండ్లలో శిలువ, కొన్నింటిలో 786. పైన నమ్మకం, కింద హెచ్చరిక దీపాలు, రెండూ డ్రైవరుకు ఎదురుగా. వీటి మధ్య వైరం ఏమీ లేదు. విగ్రహాన్ని ఎడమవైపు ఎయిర్ బ్యాగ్ మూత మీద అంటించినప్పుడే చిక్కు. ఆ మూత పగిలిన నాడు దాని మీద ఉన్నది ఏదైనా రాయిలా పక్క సీటులోని మనిషి మీదికి వస్తుంది. అక్కడ కూర్చునేది సాధారణంగా ఇంటి ఇల్లాలు, ఒడిలో పిల్లతో. స్వామిని జానెడు మధ్యకు జరిపితే సరిపోతుంది.

ఇప్పుడు ఇంజనే లేని కార్లు వస్తున్నాయి. వాటిలో నూనె డబ్బా లేదు, పొగ గుర్తు లేదు. ఛార్జి బాగా తగ్గి శక్తి పరిమితమైనప్పుడు తాబేలు బొమ్మ వెలుగుతుంది. దాని కథ ఎవరూ చెప్పనక్కర్లేదు. అయితే బండి నడవడానికి సిద్ధంగా ఉందని చెప్పే బొమ్మ ఎవరికీ తట్టలేదు కాబోలు, చాలా వాటిలో పచ్చని ఇంగ్లిషు అక్షరాలతో ‘రెడీ’ అని రాసేశారు. ఇంతకాలం ఆ సంగతి చెవి చెప్పేది. ఇక్కడ చెవికి వినిపించేదేమీ లేదు. ఆగి ఉన్న కారూ, కదలడానికి కాచుకున్న కారూ ఒకేలా ఉంటాయి. పచ్చ దీపం వెలుగుతుండగా, గేరు వేసి ఉన్నప్పుడు, పిల్లవాడి కాలు యాక్సిలరేటర్ మీద పడితే చడీచప్పుడు లేకుండా బండి కదిలిపోతుంది. దిగే ముందు ఆ అక్షరాలు ఆరాయో లేదో చూసుకోవాలన్న మాట, కొత్త బండి అప్పగించేటప్పుడు పూలదండ కన్నా ముందు చెప్పవలసినది.