నీడ బావిలో పడే వేళ

"నీడ పోతాంది, జరగండి!"

జేజి ఆ కేక వేస్తే పిల్లలం విస్తరి ఒక చేత్తో, చాప కొస ఇంకో చేత్తో పట్టుకుని నాలుగడుగులు తూర్పుకు జరిగేవాళ్లం. నోట్లో ముద్ద నోట్లోనే. మా తోటలో భోజనం మొదలైన చోటే ముగిసిన జ్ఞాపకం నాకు లేదు. చింతమాను నీడ ఎటు పోతే మేమూ అటు. పన్నెండు గంటలకు మాను మొదట్లో కూర్చున్న బంతి, ఒంటిగంటకు కాలవ గట్టు చేరేది. మూడయ్యేసరికి నీడ పోయి బావిలో పడేది.

మా అనంతపురం పక్క తోట అంటే పూలూ పచ్చికా గుర్తుకు రావు. బావి ఉన్న నేల తోట, వానకు ఎదురుచూసే నేల చేను. అంతే తేడా. మా తోటలో చూడముచ్చటైనదేమీ లేదు. రెండు మళ్ల వరి, నాలుగు సాళ్ల వంకాయ, ఒక పక్క మిరప. కపిల తోలిన కాలం నాటి బావి. కపిల పోయి అయిదు గుర్రాల మోటారు వచ్చినా, ఆనాటి రాతి స్తంభాలు మాత్రం బావి మీద అట్లే నిలబడి ఉండేవి. బావికి పడమటి గట్టున చింతమాను. చుట్టూ కనుచూపు మేర ఎర్రనేల, శెనక్కాయ చేన్లు, అక్కడక్కడా ఒక వేపమాను. అందుకే ఆ చింతమాను మాకు మాను కాదు, ఇంటికి ఇంకో గది.

కార్తీక వనభోజనం అన్న మాటను మా ఊరికి తెచ్చింది కోస్తా నుంచి బదిలీ మీద వచ్చిన ఒక అయ్యవారు. అంతకుముందు మాకున్నది చేని కాడి సద్ది. ఆయన శాస్త్రం చెప్పినాడు: ఉసిరిచెట్టు కింద తినాలట. మా చుట్టుపట్ల ఉసిరిచెట్టు ఎక్కడుంది? కదిరి సంతలో ఒక కొమ్మ కొనుక్కొచ్చి చింతమాను మొదట్లో గుచ్చినారు. ఏటేటా అదే పద్ధతి. కొమ్మ సాయంత్రానికి వాడిపోయేది, పుణ్యం మాత్రం వచ్చినట్టే లెక్క.

ఆ రోజు వంటల గురించి చెప్పకుండా ముందుకు పోలేను. చిత్రాన్నం, అలసంద వడలు, వంకాయ కూర, పెరుగన్నం. పెద్దవాళ్లకు ఇవేవీ భోజనం కిందకు రావు, ముద్ద ఉండాల్సిందే. రాగిముద్దను నమలరు, పప్పులో అద్ది మింగుతారు. ముద్ద పక్కన ఊరిబిండి. వేయించిన శెనగవిత్తనాలు, ఎండుమిరపకాయలు, చింతపండు, తెల్లగడ్డ, ఉప్పు వేసి రోట్లో నూరుతారు. మరీ మెత్తగా నూరితే జేజి ఒప్పుకునేది కాదు, పలుకు పంటికి తగలాలి. అన్నిటికంటే మీద ఓళిగలు. బొబ్బట్లంటే మా జేజికి కోపం, "ఆ పేరు మనది కాదు" అనేది. బేడలు ఉడికించి వంచిన కట్టుతో పెట్టే చారు ఓళిగ కంటే ఒక మెట్టు ఎక్కువేనని ఇప్పటికీ నా తీర్పు. అది కూడా రెండో పూటకు, కాచి కాచి చిక్కబడ్డాక.

ఇంత వండుకున్నా ఆ భోజనంలో తీరిక ఉండేది కాదు. దానికి కారణం శెనక్కాయ. మా జిల్లాకు ఏడాదికి వచ్చే వాన సగటున 550 మిల్లీమీటర్ల చిల్లర. నైరుతి మబ్బులు పడమటి కనుమల్లోనే బరువు దించుకుని ఖాళీగా వస్తాయి, ఈశాన్యపు మబ్బులు సముద్రం నుంచి ఇంత దూరం వచ్చేసరికి అలసిపోతాయి. దేశంలో జైసల్మేరు తరవాత వాన తక్కువ పడేది మాకేనని బడిలో చెప్పేవాళ్లు, అదేదో పోటీలో రెండో బహుమతి వచ్చినట్టు. ఆ కాస్త వానకు, ఆ ఎర్రనేలకు ఓర్చుకున్న పంట శెనక్కాయ. జూన్, జూలైల్లో విత్తితే నాలుగు నెలలకు కోతకొస్తుంది. అంటే సరిగ్గా కార్తీకానికి. ఒక పక్క చెట్లు పెరికే కూలీలు, ఒక పక్క కట్టె ఎత్తే బండ్లు, నడుమ మా వనభోజనం. నాయన చెయ్యి కడుక్కుంటూనే చేన్లోకి నడిచేవాడు.

బంతి రెండుసార్లు సాగేది. ముందు మగవాళ్లు, పిల్లలు, పనివాళ్లు. తరవాత అమ్మ, పిన్నమ్మ, అత్త. "నీడ చాలదు, మొగోళ్లను ముందు తిననీ" అని జేజి తీర్పు. నిజంగానే నీడ చాలదు, అబద్ధం కాదు. కానీ రెండో బంతికి నీడ బావిలో ఉండేది. అమ్మావాళ్లు బండి పక్కన, చక్రం నీడలో ఒకరినొకరు ఒరుసుకుని కూర్చుని తినేవాళ్లు. అప్పటికి వడలు అయిపోయేవి. ఓళిగలు కూడా. గంపలో అడుగున మిగిలిన చినిగిన ముక్కలు చారులో వేసుకుని తినేది అమ్మ. "నాకు అట్లే ఇష్టం" అనేది. అది నేను చాలా ఏళ్లు నమ్మినాను.

నాకు పదేళ్లున్నప్పుడు ఒక ఏడు వాన ఎగ్గొట్టింది. ఊడ దిగే వేళ చినుకు లేదు. చెట్టుకు రెండు మూడు కాయలు, అవీ లొట్టలు. కూలి ఖర్చు కూడా రాదని నాయన పెరకడమే మానేసి చేనును పసులకు వదిలినాడు. బావిలో రాళ్లు తేలినాయి. చింతమాను ఉంది కానీ, ఎండిన బావి పక్కన కూర్చుని తినడానికి ఎవరికీ మనసొప్పలేదు.

జేజికి ఒక మొక్కు ఉండింది. చిన్నాయనకు పెళ్లయి ఆరేళ్లు, పిల్లల్లేరు. తిమ్మమ్మ మర్రిమాను కాడికి పోయి మొక్కుకుంటే కడుపు పండుతుందని మా పక్క నమ్మకం. "ఈ ఏడు పనేముంది? పోదాం" అన్నాడు నాయన. నవ్వుతూనే అన్నాడు. పంట చేతికొచ్చిన ఏడు మాకు తీరిక లేదు. తీరిక దొరికిన ఏడు పంట లేదు.

తెల్లవారక ముందే ట్రాక్టరు ట్రాలీలో బోద పరిచి, దాని మీద చాపలేసి, పదిహేడు మందిమి ఎక్కినాం. ఇత్తడి బిందెల్లో నీళ్లు, గంపల్లో తిండి. వంటంతా ఇంట్లోనే అయిపోయింది, మాను దగ్గర పొయ్యి పెట్టగూడదని జేజి ముందే చెప్పింది. అంటే అమ్మావాళ్లు ఆ రాత్రి పడుకోలేదన్నమాట. కదిరి దాటి ఇంకో పాతిక కిలోమీటర్లు, గూటిబైలు. ట్రాలీ కుదుపులకు పిన్నమ్మ పాపం రెండుసార్లు వాంతి చేసుకుంది. "శుభసూచకమే" అన్నాడు చిన్నాయన. జేజి చూసిన చూపుకు మళ్లీ నోరెత్తలేదు.

దిగినాక నాకు మర్రిమాను కనపడలేదు. ఎదురుగా ఒక అడవి ఉంది.

"చిన్నాయనా, మాను యాడ?"

"మానులోనే ఉండావు కదరా."

దాదాపు అయిదెకరాలు. ఊడలు వెయ్యికి పైనే. ఊడ నేలకు దిగి మొద్దయి, ఆ మొద్దు నుంచి కొమ్మ సాగి, ఆ కొమ్మకు మళ్లీ ఊడ దిగి, ఎక్కడ మొదలైందో ఎక్కడ ఆగిందో తెలియదు. మొదటి మొద్దు ఏదని అడిగితే ఒక్కొక్కరు ఒక్కో దిక్కు చూపించినారు. 1989లో గిన్నిస్ పుస్తకం దాన్ని ప్రపంచంలోకెల్లా పెద్ద మర్రి అని రాసుకుంది. దాని సంగతి బయటి లోకానికి చెప్పడానికి తిరిగినవాడు రిగ్రెట్ అయ్యర్ అనే బెంగళూరు పత్రికాయన. మేం పోయింది అంతకు రెండు మూడేళ్ల ముందు. హౌరా తోటలోని మర్రి పెద్దదని మా పాఠ్యపుస్తకం చెప్పేది, మా జిల్లా మానును మాత్రం మాకెవరూ చెప్పలేదు.

మాను నడుమ తిమ్మమ్మ గుడి. బాలవీరయ్య అనే భర్త చనిపోతే ఆమె 1434 ప్రాంతంలో చితి ఎక్కిందనీ, చితికి నాటిన గుంజల్లో ఒకటి చిగురించి ఇంతదైందనీ కథ. జేజి ఆ కథ చెప్పి కళ్లు తుడుచుకుంది. ఇంత నీడ అలాంటి కథలోంచి వచ్చిందని ఇప్పుడు తలచుకుంటే ముద్ద గొంతులో ఆగుతుంది. అప్పుడు ఆగలేదు, ఆకలి దంచుతోంది.

పూజ అయింది. చాపలు పరిచినాం. ఊళ్లో అయితే మర్రాకులు కోసి పుల్లలు గుచ్చి విస్తళ్లు కుట్టుకునేవాళ్లం. ఇక్కడ ఆకు తెంపితే చేతులిరుగుతాయని జేజి బెదిరించింది, విస్తళ్లు ఇంటి నుంచే తెచ్చుకున్నాం. నాయన, చిన్నాయన, మామ అలవాటు కొద్దీ కూర్చున్నారు. పిల్లలం కూర్చున్నాం. అమ్మ కొంగు బిగించి చిత్రాన్నం తపేలా ఎత్తుకుంది. అప్పుడు జేజి పైకి చూసింది. చుట్టూ చూసింది. నీడ చాలదనడానికి ఆమెకు మాట దొరకలేదు.

"అమ్మీ, నువ్వూ కూర్చో. అందరూ కూర్చోండి. ఎవరిది వాళ్లు పెట్టుకుంటారు."

అమ్మ కాసేపు అర్థం కానట్టు నిలబడింది. పిన్నమ్మ ఆమె చెయ్యి పట్టి కిందకు లాగింది. పదిహేడు మంది ఒకటే బంతి. తపేలాలు చేతులు మారుతూ పోయినాయి. నాయనకు ఊరిబిండి అందించింది చిన్నాయన. అమ్మకు పెరుగన్నం వడ్డించింది మామ, గరిటె పట్టుకోవడం రాక సగం చాప మీద పోసినాడు.

తినడం అయినాక కూడా ఎవరూ లేవలేదు. ఇది నాకు కొత్త. చెయ్యి ఎండిపోయేదాకా అట్లే కూర్చుని మాట్లాడుకున్నారు. నాయన అప్పుల సంగతి ఎత్తబోయి మానుకున్నాడు. మామ ఊడకు వీపు ఆనించి గురక పెట్టినాడు. మేం ఊడల మధ్య దాగుడుమూతలు ఆడి, తప్పిపోయి, ఏడ్చి, మళ్లీ దొరికినాం. మూడయింది, నాలుగయింది. నేను రెండుసార్లు జేజి ముఖం చూసినాను, ఎప్పుడు కేక వేస్తుందా అని. నీడ కదల్లేదు.

తరవాతి సంగతులు త్వరగా చెప్పేస్తాను. పిన్నమ్మకు మూడేళ్లకు పాప పుట్టింది. అది మర్రిమాను చలవ అంది జేజి. కదిరి డాక్టరమ్మ చలవ అంది పిన్నమ్మ. బావి మళ్లీ నిండింది, మళ్లీ ఎండింది, ఆ తరవాత బోర్లు వచ్చి అది పూర్తిగా ఎండింది. చింతమానును అమ్మేసినారు. 2022లో జిల్లా రెండయింది, మర్రిమాను ఇప్పుడు శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది. కార్తీకం వస్తే వనభోజనాలు ఇంకా జరుగుతూనే ఉన్నాయి, కానీ చాలాచోట్ల అవి కులభోజనాలు. వేదిక, మైకు, నాయకుడు, బఫే. చెట్టు ఉంటే ఉంటుంది, లేకుంటే షామియానా. ఉసిరికొమ్మ తెచ్చిన మా అయ్యవారు చూస్తే ఏమనేవాడో.

పోయిన కార్తీకంలో అమ్మను బెంగళూరు హైవే పక్కన ఒక తోట హోటలుకు తీసుకుపోయినాం. వెదురు పందిళ్లు, ప్లాస్టిక్ పచ్చిక, నడుమ ఒక నీళ్ల బుగ్గ. రాగిముద్ద కూడా ఉంది, గిన్నెలో బంతిలా గుండ్రంగా. అమ్మ కుర్చీలో కూర్చోకుండా ముందు ఆకాశం చూసింది, పందిరి చూసింది, "ఈడ నీడ ఎంతసేపుంటుందబ్బా?" అని వెయిటరును అడిగింది. ఆ పిల్లవాడికి అర్థం కాలేదు. నవ్వి మెనూ చేతికిచ్చినాడు.

మర్రిమాను కింద ఆ రోజు అమ్మ మూడు ఓళిగలు తినింది. చినిగినవి కాదు. నేను లెక్కపెట్టినాను.