ఓడ మునిగినా... సొత్తు మీదే!

‘మోటుపల్లి అభయ శాసనం వేయించిన రాజు ఎవరు?’

గ్రూప్స్‌కి చదివేవాళ్లని ఎవర్నడిగినా రెప్పవేసేలోగా చెప్పేస్తారు... కాకతీయ గణపతిదేవుడు. ఒక మార్కు. అంతే, తరువాతి ప్రశ్న!

చీరాలలో స్థిరపడిన ఓ రిటైర్డ్ సోషల్ మాస్టారు కూడా ముప్ఫై ఏళ్లపాటు ఆ ముక్క పిల్లలచేత వల్లె వేయించారు. నల్లబల్లమీద రాశారు, పరీక్షపేపర్లో ఇచ్చారు, తప్పు రాసినవాళ్ల చెవి మెలిపెట్టారు. కానీ ఆ ఊరు తమ ఇంటికి పొద్దున బయల్దేరితే మధ్యాహ్నం భోజనానికి తిరిగి రాగలిగినంత దగ్గర్లోనే ఉన్నా ఒక్కసారీ వెళ్లి చూడలేదు. ‘నువ్వు చూశావా తాతయ్యా?’ అని గ్రూప్-2కి చదువుతున్న మనవరాలు అడిగేసరికి ఆయన దగ్గర జవాబు లేకపోయింది. మర్నాడే ఇద్దరూ ఆటో మాట్లాడుకున్నారు.

వేటపాలెం దాటాక జీడిమామిడి తోటలు, సరుగుడు చెట్లు, తాళ్లు. చినగంజాం వైపు ఎండలో మెరిసే ఉప్పుమళ్లు. ఆ తరవాత మోటుపల్లి. ఒకప్పుడిది గుంటూరు జిల్లా. 1970లో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడినప్పుడు అటు వెళ్లింది. 2022 ఏప్రిల్ 4 నుంచి బాపట్ల జిల్లా. ఊరు మాత్రం ఉన్నచోటే ఉంది. రేవే లేదు!

‘ఓడరేవు ఎక్కడ తాతయ్యా?’ అంది ఆ అమ్మాయి ఆటో దిగుతూనే. ఆమె మనసులో ఏ విశాఖపట్నమో ఉండి ఉంటుంది. ఎదురుగా ఉన్నది ఇసుక, దానిమీద పాకిన తీగలు, అవతల సముద్రం. రేవు ఉండేదనడానికి సాక్ష్యం వీరభద్రస్వామి ఆలయ మండపంలో ఓ రాతిస్తంభం మీద ఉంది. కాకతీయుల నాటి అక్షరాలు. మాస్టారు కళ్లజోడు తుడుచుకుని మరీ చూశారు. ఒక్కో అక్షరం తెలిసినట్టే ఉంటుంది, కూడబలుక్కుంటే మాట కుదరదు. ఆయనకు ఆ క్షణాన ఒకటో తరగతి పిల్లాడినైపోయినట్టు అనిపించిందట.

చదవలేకపోయినా అందులో ఏముందో ఆయనకు తెలుసు. జర్మన్ పండితుడు హుల్ష్ దాన్ని చదివి, వందేళ్ల కిందటే ‘ఎపిగ్రాఫియా ఇండికా’లో ప్రచురించాడు.

శకవర్షం 1166. అంటే క్రీస్తుశకం 1244-45. అప్పటివరకూ సముద్రతీరాల్లో ఓ పద్ధతి ఉండేది. తుపానుకి దారితప్పి ఓడ ఒడ్డుకు కొట్టుకొచ్చిందా... దాన్లో ఉన్న బంగారం, ఏనుగులు, గుర్రాలు, రత్నాలు అన్నీ ఆ నేల ఏలే రాజువే! ప్రాణాలతో బయటపడ్డ వర్తకుడు కట్టుబట్టలతో మిగిలేవాడు. సముద్రం సగం దోచుకుంటే మిగతా సగం రాజు దోచుకునేవాడన్నమాట. గణపతిదేవుడు ఆ పాపం తనకొద్దన్నాడు. ప్రాణంకన్నా డబ్బే ఎక్కువనుకుని సముద్రం మీదికి తెగించి వచ్చే మనుషులపై జాలితోనూ, కీర్తికోసం, పుణ్యంకోసమూ నిర్ణయించిన సుంకం తప్ప మరేమీ తీసుకోనని రాయిమీద రాయించాడు. ఆ సుంకం ఎగుమతులకైనా దిగుమతులకైనా ముప్ఫయ్యో వంతు. అంటే నూటికి మూడు రూపాయల చిల్లర.

‘కీర్తికోసం’ అని రాజే ఒప్పుకోవడం ముచ్చటగా లేదూ!

జాలి ఒక్కటే కాదులెండి. ఓరుగల్లు సముద్రానికి ఎంత దూరమో తెలిసిందే. వెలనాటి చోళుల పట్టులో ఉన్న తీరాంధ్రం తన చేతికొచ్చాక గణపతిదేవుడికి సముద్రం దక్కింది. యుద్ధానికి మేలుజాతి గుర్రాలు కావాలి. అవి ఓడల్లోనే రావాలి. సొత్తుకు భరోసా లేని రేవులో ఏ వర్తకుడు లంగరేస్తాడు? ఆ సంగతి రాజుగారికి బాగా తెలుసు.

శాసనం చివర్లో సరకుల జాబితా ఉంది. గంధం, కర్పూరం... అందులో మళ్లీ చైనా కర్పూరం వేరే. పన్నీరు, ఏనుగుదంతం, ముత్యాలు, పగడాలు, రాగి, సీసం, పట్టుదారం, వక్కలు, మిరియాలు. దేనికి ఎంత సుంకమో లెక్క. మనవరాలు నోట్సులో రాసుకుంటూ ఆగింది. ‘మిర్చి లేదేంటి?’ గుంటూరు పక్కన పుట్టిన పిల్లకి ఆ సందేహం రావడం సహజమే. మిరపకాయ అమెరికా ఖండపు పంట. పోర్చుగీసువాళ్లు తెచ్చేదాకా మనకు తెలీదు. గణపతిదేవుడి భోజనంలో కారమంటే మిరియాలే!

రాణి గురించి విన్న యాత్రికుడు

శాసనం వేసిన అర్ధశతాబ్దికి వెనిస్ యాత్రికుడు మార్కోపోలో రాతల్లో ఈ ఊరు ‘ముత్ఫిలి’గా కనిపిస్తుంది. అక్కడి రాజ్యాన్ని వితంతువైన ఓ రాణి భర్త పోయాక న్యాయంగా, శాంతిగా ఏలుతోందని ఆయన రాశాడు. ఆమె రుద్రమదేవి. గణపతిదేవుడి భార్య కాదు, కూతురు. ఆ పొరపాటు చాలామందికి తెలుసు. ఇంకో సంగతి అంతగా తెలీదు. చందుపట్ల శాసనాన్నిబట్టి రుద్రమ 1289 నవంబరు నాటికే మరణించింది. పోలో ఈ తీరం దాటింది 1290ల్లో. ఆయన ఇక్కడ దిగాడా, నావికుల కబుర్లు విన్నాడా అన్నది పండితులు ఇప్పటికీ తేల్చుకోలేదు. ఏదైనా, చనిపోయిన తరవాత కూడా రేవుల్లో ఆమె మంచితనం గురించి చెప్పుకొంటూనే ఉన్నారన్నమాట.

లోయల్లోకి మాంసం ముద్దలు విసిరితే వాటికి అంటుకున్న వజ్రాలను గద్దలు పైకి తెస్తాయన్న కథ కూడా ఆయనదే. అది చాలా దేశాల్లో తిరిగిన కథ. నమ్మక్కర్లేదు. కానీ సాలెగూటి పోగుల్లాంటి పల్చటి నూలుబట్ట ఇక్కడ నేస్తారని రాసిన మాటను మాత్రం చీరాల మనిషి ఎవరూ కాదనరు. ఆ తరవాత ఎన్నో వందల ఏళ్లకి ఇదే చీరాల నుంచి తేలియా రుమాళ్లు అరబ్బు దేశాలకు ఓడలెక్కాయి. మాస్టారి నాన్న మగ్గం నేసిన మనిషే. ఈ మాట చెప్పేటప్పుడు మాస్టారి గొంతు కొంచెం పెరిగింది.

కాకతీయుల తరవాత కొండవీటి రెడ్డిరాజుల వంతు. అనపోతారెడ్డి 1358లో మళ్లీ శాసనం వేయించాడు. మోటుపల్లికి వచ్చి ఉండదలచుకున్న వర్తకులకు భూములిస్తాం, సరుకు నచ్చినవాళ్లకు అమ్ముకోవచ్చు, వెళ్లిపోవాలనుకుంటే ఆపబోం అని హామీ. రమ్మనడం ఎవరైనా చేస్తారు. పోతానంటే పొమ్మనడానికి పెద్దమనసు కావాలి. శ్రీనాథుడు ‘హరవిలాసం’ అంకితమిచ్చిన అవచి తిప్పయ్యశెట్టి ఆ రాజ్యపు వర్తకుడే. ఆయన వ్యాపారం సింహళం, చైనాల దాకా సాగేది.

సరిగ్గా అదే శతాబ్దాల్లో ఎక్కడో ఐర్లాండ్‌లో, వాటర్‌ఫర్డ్ రేవులో షూర్ నది ఒడ్డున రెజినాల్డ్స్ టవర్ అనే గుండ్రటి రాతిబురుజు ఓడలకు కాపలాకాసింది. ఓ రోజున నాణేల టంకశాల, ఓ రోజున ఆయుధాల గిడ్డంగి, ఓ రోజున జైలు. ఇప్పుడు మ్యూజియం. టిక్కెట్టు కొని జనం లోపలికెళ్తారు. ఇంగ్లండులో 1275లో ఓ చట్టం చేశారు. ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడలో మనిషి గానీ, కుక్క గానీ, చివరికి పిల్లి గానీ ప్రాణంతో ఉంటే ఆ సొత్తు స్వంతదారుదేనట! మోటుపల్లి శాసనం దానికన్నా ముప్ఫై ఏళ్లు ముందుది. దానికి పిల్లి సాక్ష్యం కూడా అక్కర్లేదు. అయినా మనవాళ్లకిది ఒక్క మార్కు ప్రశ్నగానే మిగిలింది.

ఓడలు క్రమంగా మచిలీపట్నం వైపు మళ్లాయి. 1611లో ఇంగ్లిషువాళ్లు వర్తకానికి దిగిందీ అక్కడే. మోటుపల్లి పల్లెగానే మిగిలింది.

మధ్యాహ్నం ఎండ పడ్డాక తాతా మనవరాలూ సముద్రం ఒడ్డుకి నడిచారు. వలలు బాగుచేసుకుంటున్న ఓ పెద్దాయన ‘ఏవూరయ్యా మనది?’ అని పలకరించాడు. 1977 నవంబరు ఉప్పెన నాటికి ఆయన కుర్రాడు. 2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు పడవ పోగొట్టుకున్నాడు. కొత్తది సమకూర్చుకునేదాకా కూలికి ఇంకొకరి పడవెక్కాడు. మాస్టారు ఉత్సాహంగా శాసనం సంగతంతా చెప్పారు. ఆయన వల వదలకుండానే అంతా విన్నాడు.

‘ఒడ్డుకు కొట్టుకొచ్చింది వాళ్లకే ఇచ్చారు. బానే ఉంది. మరి ఏమీ కొట్టుకురానోడికి?’

ముప్ఫై ఏళ్ల సర్వీసులో ఏ పిల్లాడూ అడగని ప్రశ్న. మాస్టారు ‘దాని గురించి రాయలేదయ్యా’ అన్నారు నెమ్మదిగా.

‘అట్టాగా’ అని, ఆయన మళ్లీ వలలోకి తలవంచాడు. ‘రాజు దోచుకోకుండా ఉంటే అదే పదివేలులే. ఎండలో ఎందుకు నిలబడ్డారు, ఇట్టా నీడకి రాండి.’

మనవరాలు తాతయ్య చెయ్యి పట్టుకుని పడవ నీడలోకి తీసుకెళ్లింది. సరుకుల జాబితా రాసుకున్న పేజీ కిందే పెద్దాయన అడిగిన ప్రశ్న కూడా రాసుకుంది. అది ఏ పేపర్లోనూ రాదని ఆమెకు తెలుసు.