మడచాటు కోరంగి

కాకినాడ నుంచి యానాం వెళ్లే రోడ్డు మీద చొల్లంగి చేరేసరికి గాలి మారిపోతుంది. ఉప్పు, బురద, నానిన ఆకు మూడూ కలిసిన వాసన ఒకటి బస్సు కిటికీలోంచి లోపలికొస్తుంది. కొత్తగా వచ్చినవాళ్లు ముక్కు మూసుకుంటారు. ఈ చుట్టుపక్కల పుట్టి పెరిగినవాళ్లకి ఆ వాసన తగిలితే ఆకలేస్తుంది. నేను ఆ రెండో రకం మనిషిని. అందుకని ఈ పరిచయంలో అడవి సంగతి మొదలుపెట్టినప్పుడల్లా మాట వంటింట్లోకి వెళ్లిపోతే పాఠకులు సర్దుకోవాలి. ఆ మాటకొస్తే ఇక్కడ ఆ రెండిటికీ మధ్య గోడ లేదు.

ధవళేశ్వరం దిగువన గోదావరి రెండుగా చీలుతుంది. అందులో తూర్పున పారే గౌతమి, యానాం దగ్గరకొచ్చాక మళ్లీ పాయలై విడిపోతుంది. కోరంగి, గాడేరు అలా విడిపోయిన పాయలే. అవి కాకినాడ అఖాతంలో కలిసే చోట, తీపినీరూ ఉప్పునీరూ రోజూ అటూ ఇటూ తోసుకునే చోట మడ అడవి పెరిగింది. 1978లో 235 చదరపు కిలోమీటర్లకు పైగా ప్రాంతాన్ని అభయారణ్యంగా ప్రకటించారు. తాళ్లరేవు మండలంలోని కోరంగి ఊరి పేరే దానికి పెట్టారు.

చరిత్ర గురించి రెండు ముక్కలు. కోరంగి ఒకప్పుడు పెద్ద రేవు. ఓడలు కట్టేవారు, దెబ్బతిన్నవాటిని బాగుచేసేవారు. ఇక్కడ ఓడెక్కి రంగూన్ వెళ్లినవాళ్లు ఎంతమందంటే, బర్మాలో తెలుగువాళ్లను కోరంగీలనే పిలిచేవారు. చుట్టూ యానాంలో ఫ్రెంచివాళ్లు, ఇంజరంలో ఇంగ్లీషువాళ్లు, జగన్నాథపురంలో డచ్చివాళ్లు కాచుక్కూచున్నారంటేనే రేవు విలువ తెలుస్తుంది. 1789 డిసెంబరులో ఒకసారి, 1839 నవంబరులో ఇంకోసారి ఉప్పెన వచ్చి ఊరిని తుడిచిపెట్టింది. మొదటి ఉప్పెన వివరాలు చదివిన హెన్రీ పిడింగ్టన్ అనే కలకత్తా దొరే తర్వాత రోజుల్లో ఇలాంటి సుడిగాలి వానలకు ‘సైక్లోన్’ అని పేరు పెట్టాడు. రెండోదాంట్లో మూడు లక్షల మంది పోయారని పుస్తకాల్లో రాస్తారు గానీ, ఆ రోజుల్లో ఈ తీరాన అంతమంది జనం ఉండేవారా అని నాకు అనుమానం. మిగిలిన పనిని ఒండ్రుమట్టి పూర్తిచేసింది. రేవు పూడింది, వ్యాపారం కాకినాడకు మళ్లింది. ఇప్పటి కోరంగిలో ఆ వైభవం వెతకబోతే ఏమీ దొరకదు. బోటు కోసం వచ్చినవాళ్లు బోటు దగ్గరికే వెళ్లడం మంచిది.

ఆ బోటు ఎప్పుడు కదలాలో పోటు చెప్పాలి. అటవీశాఖ వాళ్ల జెట్టీ దగ్గర పొద్దున్నే చేరిపోయి సరంగుని అడిగాను.

“ఎన్నింటికి బయల్దేరతామండీ?”

“నీళ్లెక్కాలి కదండి. ఇప్పుడు తీసేమంటే ఆ మలుపులో బురదమీద కూచుంటామండి. ఈలోగా వంతెన చూసి రండి, ఆయ్.”

వంతెన అంటే అడవి మధ్యలోంచి వేసిన చెక్కల నడకదారి. దాని మీద నడుస్తుంటే కింద బురదలోంచి వేలకొద్దీ వేళ్లు పైకి పొడుచుకొచ్చి కనిపిస్తాయి. ఇవి మడచెట్టు ఊపిరి పీల్చుకునే వేళ్లు. బురదలో గాలి ఉండదు కాబట్టి చెట్టు వేళ్లను పైకి పంపుతుంది. ఉప్పుపొన్నది ఇంకో పద్ధతి: మాను నుంచి కాళ్లు చాపినట్టు వేళ్లు దించి నిలబడుతుంది, గింజను చెట్టు మీదే మొలకెత్తించి మూరెడు మొలకను బురదలోకి వదులుతుంది. మడ ఆకు ఒకటి తుంచి నాలుకకి రాస్తే ఉప్పగా ఉంటుంది, లోపలి ఉప్పును ఆకుమీదుగానే బయటికి నెట్టేస్తుంది. తిల్లచెట్టు జోలికి మాత్రం పోకండి. దాని పాలు కంట్లో పడితే చూపుకే ముప్పని బెస్తవాళ్లు పిల్లలకు ముందే చెప్పి పెడతారు. బురద మీద ఒక డెక్క చిన్నదీ ఒక డెక్క పెద్దదీ ఉన్న ఎర్రపీతలు ఆ పెద్ద డెక్క ఊపుతూ కొట్లాటకు పిలుస్తుంటాయి. కళ్లు నెత్తిమీద ఉన్న చేపలు నీళ్లు వదిలి బురదలో గెంతుతుంటాయి. పిల్లలతో వెళ్తే వంతెన దగ్గరే గంట గడిచిపోతుంది, బోటు సంగతి వాళ్లు మర్చిపోతారు.

నీళ్లెక్కాక బోటు కాలవలోకి దూరింది. రెండువైపులా మడ గోడకట్టినట్టు ఉంటుంది. ఇంజను చప్పుడుకి నారాయణపక్షులు లేచి పదడుగులు ఎగిరి మళ్లీ వాలతాయి. గరుడపక్షి మాత్రం కదలదు. లకుముకి నీళ్లలోకి దూకి లేచే క్షణం ఫొటోలో పట్టాలనుకునేవాళ్లు ఓపిక తెచ్చుకోవాలి. ఈ అడవికి పేరు తెచ్చిన జంతువులు రెండు: బావురుపిల్లి, నీటికుక్క. బావురుపిల్లి నీళ్లంటే జంకని పిల్లి, ఒడ్డున కూర్చుని చేపను పంజాతో లాగేస్తుంది. రాత్రిపూట తిరిగే జంతువు కాబట్టి పగటి బోటులో అది కనబడుతుందని ఎవరైనా హామీ ఇస్తే నమ్మకండి. నీటికుక్కలు మాత్రం గుంపుగా తిరుగుతాయి, అదృష్టం ఉంటే తలలు నీళ్లమీద వరసగా కనబడతాయి. వాటికి వలలోని చేపల రుచి బాగా తెలుసు, అందుకని వాటిని చూసి మనం మురిసిపోతుంటే సరంగు ముఖంలో ఆ మురిపెం కనిపించదు.

ఒకచోట మడ పలచబడి, నేలలో కాలవలు ఒక పద్ధతిగా తవ్వినట్టు కనిపిస్తాయి. మధ్యలో ఒక పెద్ద కాలవ, దానికి అటూ ఇటూ ఏటవాలుగా చిన్న కాలవలు, పైనుంచి చూస్తే చేపముల్లే. పోటునీరు అందక చెట్లు చచ్చిన మెరకల్లోకి నీళ్లు పంపడానికి ఎం.ఎస్.స్వామినాథన్ ఫౌండేషన్ వాళ్లు అటవీశాఖతోనూ ఊళ్లవాళ్లతోనూ కలిసి ఇలా తవ్వించి మొక్కలు నాటారు. చేప పుట్టే అడవిని చేపముల్లు ఆకారంతో బతికించడం నాకు భలే నచ్చింది.

చేప పుట్టే అడవి అన్నాను కదా, ఇక వంటింట్లోకి వెళ్దాం. మడ ఆకు రాలి బురదలో నానుతుంది. నానిన ఆకును పీతలూ పురుగులూ తింటాయి, ఆ పురుగుల కోసం రొయ్యపిల్లలూ చేపపిల్లలూ వస్తాయి. వేళ్ల సందుల్లోకి పెద్దచేప దూరలేదు కాబట్టి కాస్త ఒళ్లు చేసేదాకా అవి అక్కడే దాక్కుంటాయి. పండుగప్ప, కొయ్యింగ, రొయ్య, పెద్ద డెక్కల మడపీత అన్నీ ఏదో ఒక వయసులో ఈ నీడన తిని వెళ్లినవే. తాళ్లరేవు రోడ్డు పక్కన పాకహోటల్లో పీతల ఇగురు పెడితే, ముందు డెక్క విరిచి పక్కన పెట్టుకుని, ఇగురంతా అన్నంలో కలుపుకుని, ఆఖర్న డెక్క కొరకాలి. ఈ క్రమం తప్పితే పక్కవాళ్లే సరిదిద్దుతారు. రొయ్యల ఇగురులో నీళ్లు పోయరు, ఉల్లిపాయా రొయ్యా ఊరిన నీటిలోనే మగ్గాలి. అందులో కొబ్బరిపాలు పోసి తెచ్చే హోటళ్లు ఈమధ్య ఎక్కువయ్యాయి. అది ఎవరి వంటో గానీ గోదారి వంట కాదు.

గోదారి చేప అనగానే అందరూ పులస దగ్గరికి పరిగెత్తుతారు. సముద్రంలో ఉన్నంతకాలం దాన్ని విలస అంటారు. వరదనీరు ఎర్రగా దిగే రోజుల్లో గుడ్లు పెట్టడానికి ఏటికి ఎదురీదుతూ వచ్చేసరికి పులస అయిపోతుంది. పుస్తెలమ్మైనా పులస తినాలనే మాట మీద యానాం మార్కెట్ బతుకుతోంది. ఒక్కో చేప వేలల్లో పలుకుతుంది, ఎవరు కొన్నారో పేపర్లో కూడా వస్తుంది. బెండకాయలు వేసి, ఆవకాయ నూనె పోసి, మట్టిదాకలో సన్నని సెగమీద కాచి, మర్నాడు తింటారు. బాగుంటుంది. కాదనను. ముళ్లు ఏరుకోవడంలోనే సగం భోజనం అయిపోతుంది, ఆ డబ్బుకి కొన్నది నిజమైన గోదారి పులసో, ఒడిశా నుంచి మంచుపెట్టెలో వచ్చిందో తేల్చుకోలేక మిగతా సగం అయిపోతుంది.

నా ఓటు చీరమేనుకి. దసరా దాటి తూర్పుగాలి తిరిగాక, దీపావళి అటూ ఇటూగా, కార్తీకం వెళ్లేలోపు గౌతమి మొగల్లో ఇది దిగుతుంది. దారప్పోగంత చేపపిల్లలు. పచ్చిగా ఉన్నప్పుడు అద్దంలా అటువైపు కనిపిస్తాయి, నల్లని చుక్కల్లా కళ్లొక్కటే తెలుస్తాయి. మామూలు వల కన్నుల్లోంచి జారిపోతాయి కాబట్టి వెనకటికి చీరలు కలిపి కుట్టి పట్టేవారు. ఇప్పుడు దోమతెర గుడ్డ వాడుతున్నారు. తూకం వేయరు. గ్లాసు, తవ్వ, సేరు, కుంచం అని కొలిచి అమ్ముతారు. మొదటి వారంలో సేరు ధర వింటే గుండె జారుతుంది. రెండో వారానికి కొంచెం దిగుతుంది, అప్పటిదాకా ఆగగలిగినవాళ్లని నేను చూడలేదు.

కడగడమే పెద్ద పని. ఇసుక రేణువూ, మడ పుల్లా, గుడ్డిరొయ్యపిల్లా అందులో కలిసి వస్తాయి. మా అమ్మ పల్చటి గుడ్డలో పోసి, ఉప్పూ పసుపూ వేసి, నీళ్లు తేటపడేదాకా జాడించేది. గట్టిగా పిసికితే ముద్దవుతుందని మమ్మల్ని చెయ్యి పెట్టనిచ్చేది కాదు. బాణలిలో నూనె, ఉల్లిపాయ, పచ్చిమిర్చి, దంచిన అల్లంవెల్లుల్లి వేగాక చీరమేను వేస్తే ఒక్క క్షణంలో అద్దం పాలైనట్టు తెల్లబడిపోతుంది. అప్పుడు గరిటె తిప్పకూడదు. బాణలి చెవులు పట్టుకుని ఊపాలి. కొందరు చింతపులుసు పోస్తారు, కొందరు గోంగూర కలుపుతారు. మిగిలినదాన్ని శనగపిండిలో కలిపి వడలు వేస్తారు. ముల్లుండదు, పొలుసుండదు, నమలాల్సిన పనే లేదు. ఏరు రుచి అంటే ఏమిటని అడిగేవాళ్లకి చూపించడానికి ఇంతకంటే తేలికైన వంటకం నాకు తెలియదు.

ఇక్కడే చిక్కు కూడా ఉంది. చీరమేను అని విడిగా ఒక చేప లేదు. ఆ దోసెట్లో ఉన్నవి రకరకాల చేపల పిల్లలు, పెరిగితే రేపు కేజీల లెక్కన తూగాల్సినవి. సముద్రంలో గుడ్లు పెట్టే కాలమని ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మరబోట్ల వేట ఆపిస్తాం. ఏటి మొగలో పిల్లలొచ్చే కాలానికి దోమతెరలు కడుతున్నా ఎవరూ పట్టించుకోరు. పట్టేవాళ్లని తప్పుపట్టడానికి నాకు నోరు రాదు, ఆ కొద్దిరోజుల సంపాదన మీద వాళ్లకు చలికాలం గడవాలి. పట్నాల నుంచి కార్లేసుకుని వచ్చి బకెట్లకు బకెట్లు మంచులో పెట్టుకుపోయేవాళ్లని మాత్రం తప్పుపడతాను. సేరుడు కొనుక్కుని ఇక్కడే వండించుకు తినండి. మర్నాటికి అది ఎలాగూ పనికిరాదు.

మడకి ముప్పు చీరమేను తినేవాళ్ల కంటే భూమి కావాల్సినవాళ్ల నుంచే ఎక్కువ. అంచుల్లో రొయ్యల చెరువులు తవ్వి ఎంత మింగారో బోటులోంచే కనిపిస్తుంది. 2020లో కాకినాడ దుమ్ములపేట దగ్గర ఇళ్ల స్థలాల కోసం మడ కొట్టేస్తే గొడవ హరిత ట్రైబ్యునల్ దాకా వెళ్లింది. 1996 నవంబరు 6 రాత్రి వచ్చిన తుపాను భైరవపాలెం, బలుసుతిప్ప బెస్తవాడల్లో ఎంతమందిని పొట్టనపెట్టుకుందో గుర్తున్న ముసలివాళ్లు ఇంకా ఉన్నారు. గాలికీ ఉప్పెనకీ మడ ఎంత అడ్డో వాళ్లని అడిగితే చెబుతారు.

హోప్ ఐలాండ్ చూడాలంటే కాకినాడ జగన్నాథపురం వైపు నుంచి బోటెక్కాలి. గోదావరి తెచ్చిపోసిన ఇసుకతో గత రెండు వందల ఏళ్లలో పేరుకున్న పొడవాటి దిబ్బ ఇది. సముద్రపు అలలన్నీ అది కాస్తుంది కాబట్టే లోపల కాకినాడ రేవు చెరువులా నిశ్చలంగా ఉంటుంది. జనవరి నుంచి మార్చి దాకా ఆలివ్ రిడ్లీ తాబేళ్లు రాత్రిళ్లు ఆ ఇసుకలో గుడ్లు పెడతాయి. నీళ్లు, తిండి వెంట తీసుకెళ్లాలి, నీడ ఆశించకూడదు. పక్షుల కోసమైతే కాకినాడ కుంభాభిషేకం వైపు బురదనేలల దగ్గరికి చలికాలంలో వెళ్లాలి. కింది ముక్కు పైముక్కు కంటే పొడుగున్న పక్షి ఒకటుంటుంది, స్కిమ్మర్ అంటారు, ఆ కింది ముక్కుతో నీటిని గీస్తూ ఎగురుతుంది. దేశంలో అరుదైపోయిన పక్షి అది.

యానాం చిన్న ఊరు, 1954 దాకా ఫ్రెంచివాళ్ల చేతిలో ఉంది, ఇప్పుడు పుదుచ్చేరిలో భాగం. సాయంత్రం ఏటిగట్టు మీద కూర్చోవడానికి బాగుంటుంది, పగలు ఎండ తప్ప ఏమీ లేదు. ఉప్పాడ జాందానీ చీరల గురించి అడగొద్దు, నాకు వాటి ధర తప్ప ఇంకేమీ తెలియదు.

నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా రావచ్చు. వాయుగుండం మాట రేడియోలో వినిపిస్తే బోట్లు ఆపేస్తారు, బతిమాలి లాభం లేదు. కాకినాడలో బస. శాకాహారులకు సుబ్బయ్య హోటలు భోజనం ఉండనే ఉంది, వడ్డించేవాళ్లు చాలన్నా వినరు. వెళ్లేముందు కాజాలు కొనుక్కోవాలి, ఇక్కడివి గొట్టం కాజాలు, మడతవి తాపేశ్వరంలో. కొరికేటప్పుడు కొంచెం ముందుకు వంగండి, లోపలి పాకం నేరుగా చొక్కా మీదకే వస్తుంది.