రెండో డ్రమ్ము

విద్యుత్ వ్యవస్థ కుప్పకూలితే మనుషులు ఏమవుతారన్న ఇతివృత్తంతో వచ్చిన నవలలను మా ఇంట పిల్లలు ఆసక్తిగా చదువుతున్నారు. అమెరికా రచయిత విలియం ఫోర్స్‌చెన్ 2009లో వెలువరించిన ‘వన్ సెకండ్ ఆఫ్టర్’ అటువంటిదే. కరెంటు పోయిన పట్టణంలో తిండీ మందులూ కరవై సాటిమనిషే శత్రువవుతాడు. ‘ఇదంతా అతిశయోక్తి’ అన్నది పిల్లల అభిప్రాయం. మేము మాత్రం ఔననలేకపోయాము.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను తీరం దాటిననాడు మేము పలాసలోనే ఉన్నాము. కొబ్బరి, జీడి చెట్లతో పాటు విద్యుత్ స్తంభాలూ నేలకొరిగాయి. మోటార్లు ఆగిపోయాయి. మరునాడు జుమా అజాన్ మైకు లేకుండానే వినిపించింది. మూడోనాడు పొరుగింటి మామ్మగారు బిందెతో వచ్చారు. వారి బావిపై చెట్టు కూలిందట. మా డ్రమ్ములో నీళ్ళున్నా, ‘లేవు మామ్మా’ అన్నాము. ఆమె మారుమాట లేకుండా వెళ్ళిపోయారు. సాయంత్రానికి చెట్టు తొలగించి, తోడిన నీటిలో ఒక బిందె మా గుమ్మంలో పెట్టించారు.

ఆ నవలలోని భయం అబద్ధం కాదు. ఆనాడు అది మా నోటనే పలికింది. పొరుగువారి హక్కుల గురించి ఎన్నో ప్రసంగాలు విన్న మాకు, ఆ హక్కు ఏమిటో ఆ బిందెడు నీళ్ళే తెలియజేశాయి. ఇప్పుడు తుపాను హెచ్చరిక వెలువడగానే రెండు డ్రమ్ములు నింపుతున్నాము. రెండోది అడిగేవారి కోసం.