పాత టీవీ డాంగిల్‌కి కొత్త ఉద్యోగం

2010 ప్రాంతంలో కొన్న టీవీల మీద చాలావాటికి "వైర్‌లెస్ రెడీ" అని రాసుండేది, గుర్తుందా? రెడీ అంటే వై-ఫై ఉందని కాదు, విడిగా డాంగిల్ కొంటే పనిచేస్తుందని. పెళ్ళికి అంతా రెడీ, పెళ్ళికూతుర్ని మాత్రం మీరే వెతుక్కోండి అన్నట్టన్నమాట.

మా బాబాయి వాళ్ళు ఈ మధ్య టీవీ మార్చేశారు. పాతదాని వెనకాలుండే సోనీ యూడబ్ల్యూఏ-బీఆర్100 డాంగిల్ పిన్ని సొరుగులో మిగిలిపోయింది. పై గదిలో తమ్ముడి పాత డెస్క్‌టాప్ ఉంది. 2025 అక్టోబర్ 14తో విండోస్ 10 సపోర్ట్ అయిపోయింది, 11 దాని మీద ఎక్కదు, అందుకని డెబియన్ వేశాను. కానీ దానికి వై-ఫై లేదు, కింద నుంచి కేబుల్ లాగే దారీ లేదు. వాడేమో గేట్‌కి చదువుతున్నాడు. వీడియో పాఠాలన్నీ ఫోన్‌లోనే, చీమల్లాంటి అక్షరాలతో.

"ఒరేయ్, మూడొందలు పెడితే కొత్తది రాదూ?" అన్నాడు బాబాయి. రావచ్చు, కానీ చౌకవి ఎక్కువగా 2.4 గిగాహెర్ట్జ్‌వే. వాళ్ళ సందులో ఇళ్ళన్నీ ఆనుకునే ఉంటాయి, ఆ బ్యాండ్‌లో ఒకదాని మీద ఒకటి పడని ఛానెళ్ళు మూడే (1, 6, 11). ఈ టీవీ డాంగిల్‌కి 5 గిగాహెర్ట్జ్ కూడా ఉంది మరి!

గుచ్చి ఎల్‌ఎస్‌యూఎస్‌బీ కొడితే 0411:017ఎఫ్ అని వచ్చింది. 0411 సోనీ నంబర్ కాదు, జపాన్‌కే చెందిన బఫెలోది. లోపలి చిప్పులేమో ఏథెరోస్‌వి, ఏఆర్7010, ఏఆర్9280. విండోస్‌కి చిప్పుతో పనిలేదు, ఐఎన్‌ఎఫ్ ఫైల్లో ఈ నంబర్ ఉందా లేదా అన్నదే లెక్క. మనమే ఆ లైను చేరిస్తే డ్రైవర్ సంతకం చెల్లదు, 64-బిట్ విండోస్ ఒప్పుకోదు. బంగారంలాంటి హార్డ్‌వేర్ ఒక్క టెక్స్ట్ లైను లేక చెత్తబుట్ట పాలవుతుంది. నాకు ఒళ్ళు మండేది ఇక్కడే.

లినక్స్‌లోనూ అలాంటి పట్టికే ఉంది, కాకపోతే అది అందరూ చేయి పెట్టగలిగేది. ఏథ్9కే_హెచ్‌టీసీ డ్రైవర్ సోర్స్‌లో ఈ నంబర్, పక్కనే కామెంట్‌లో డాంగిల్ పేరూ ఉన్నాయి. ఎవరో పుణ్యాత్ముడు చేర్చిపెట్టాడు. దీని ఫర్మ్‌వేర్ సోర్స్ కూడా 2013లోనే బయటపెట్టారు. ఫోన్‌ని యూఎస్‌బీ టెథరింగ్‌లో పెట్టి ఆ ఫర్మ్‌వేర్ ప్యాకేజీ దింపాను, డాంగిల్ తీసి మళ్ళీ గుచ్చాను, అంతే.

మీ ఇంట్లో శామ్‌సంగ్ టీవీది డబ్ల్యూఐఎస్09ఏబీజీఎన్ ఉంటే అది రాలింక్ చిప్పు, ఆర్‌టీ2800యూఎస్‌బీ డ్రైవర్ చూసుకుంటుంది. పట్టికలో లేని డాంగిల్ అయినా చిప్పు ఏదో తెలిస్తే, సిస్‌ఎఫ్‌ఎస్‌లో ఆ డ్రైవర్ కింద న్యూ_ఐడీ అనే ఫైల్‌కి నంబర్ రాసి చూడండి, కెర్నల్ కంపైల్ చేయక్కర్లేదు.

తమ్ముడు ఇప్పుడు పాఠాలు పెద్ద మానిటర్ మీదే చూస్తున్నాడు. పిన్ని సొరుగులో ఆ టీవీ రిమోట్ కూడా ఉంది, దానికే ఇంకా పని దొరకలేదు.